గురువారాల కంపెనీ

కాదు బావా, నువ్వే చెప్పు, ఊళ్లో ఎవరికీ తెలియని ఇంటి నంబరు నేను ఎక్కణ్ణుంచి తెచ్చి రాయను? ఫారంలో రెండో గడి అది. కంపెనీ ఆఫీసు ఏ వీధిలో ఉంది, ఇంటి నంబరెంత? కింద సన్న అక్షరాల్లో ఇంకో ముక్క, పోస్టాఫీసు పెట్టె నంబరు చెల్లదని. ఆ ఫారం తయారుచేసినవాడు నెబ్రాస్కాలోనే పుట్టాడా అని నా అనుమానం. మన బ్రోడెక్‌లో ఇంటికి ఉత్తరం రావడం ఏ కాలంలో చూశాం? అందరం పోస్టాఫీసుకి పోయి, పెట్టె తాళం తీసి తెచ్చుకునేవాళ్లమే కదా.

నీ దుకాణానికి నంబరు లేదని కాదు. ఉంది. అంబులెన్సుకి దారి తెలియాలని కౌంటీవాళ్లు పాతికేళ్ల కిందట ప్రతి గుమ్మానికీ ఒక ఆకుపచ్చ నంబరు రేకు కొట్టి వెళ్లారు. వాళ్ల బండి మలుపు తిరిగిందో లేదో, నువ్వు దాన్ని ఊడబీకి కోళ్లగూటి తలుపుకి వేశావు, అక్కడ చెక్కకి కన్నం పడిందని. అంటే ఏమిటన్నమాట? ప్రభుత్వం దృష్టిలో వావ్రా కిరాణా దుకాణం కోళ్లగూట్లో నడుస్తోంది!

నవ్వు బావా. ఎడమ పక్క నవ్వొస్తుంది నీకు, పోయినసారి చూశాను.

సరే, నవ్వకు.

కుర్చీ కాస్త దగ్గరికి లాక్కుంటాను. ఈ హోములో కుర్చీలన్నీ ఇంతే, కూర్చున్నవాడు మళ్లీ లేవలేడు. కిటికీ తెర తీయనా? కొంగలు దిగాయి, నది పొడుగునా. కౌంటీ వ్యానులో వస్తూ చూశాను, కోసేసిన మొక్కజొన్న చేలల్లో బూడిద రంగు తప్ప ఇంకేం కనబడలేదు. డ్రైవరు ఆపుతాడేమో అనుకున్నా, ఆపలేదు. నాలుగింటికి వచ్చి తీసుకుపోతాడు నన్ను. తెర వద్దా? సరే.

నీతో ఇలా మాట్లాడటం నాకింకా చేతకావడం లేదు. ఏదో అడిగి, జవాబు కోసం ఆగుతున్నాను. డిసెంబరులో దుకాణంలో చిక్కుడుగింజల డబ్బాల మధ్య కూలబడ్డావు, అప్పట్నుంచీ నీ నోట మాట లేదు. ఇక రాదనే అన్నాడు డాక్టరు. చెవులకేం ఢోకా లేదట. "అన్నీ వింటారు, అన్నీ తెలుస్తాయి ఆయనకి" అంది నర్సు, అదేదో నాకు సంతోషం కలిగించే విషయమైనట్టు.

ఎల్లుండి శనివారం వేలం. చెప్పారా నీకు? చెప్పే ఉంటారు, మీ అన్న కూతురేగా సంతకం పెట్టింది. కౌంటరు, త్రాసు, చలిపెట్టెలు, సాసేజీలు పొగపెట్టే గూడు, అన్నీ. చివరికి లోపల పైకప్పుకి కొట్టిన పూలచ్చుల తగరపు రేకులు కూడా. వాటికోసం ఒమాహా నుంచి ఒకడొచ్చి నిచ్చెనెక్కి మరీ చూసుకుని వెళ్లాడు. బార్‌లో పెట్టుకుంటాడట. మీ నాన్న బిగించిన రేకుల కింద ఊరూ పేరూ లేనివాళ్లు కూర్చుని బీరు తాగుతారు.

అది కాదులే నేను చెప్పొచ్చింది. ఇంత ఆలస్యం ఎందుకైందో చెబుదామని వచ్చాను. ఊళ్లో ఎవరేమన్నా, నువ్వు నా నోటితో వినాలి.

మొదట్నుంచీ చెబుతాను. నీకు తెలిసిన భాగమే ముందు.

పోయినేడు కాదు, అంతకుముందటేడు సెప్టెంబరు. నువ్వు కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి, "క్రిస్మస్ దాకా తెరుస్తాను, ఆ తర్వాత మోకాళ్లు ఒప్పుకోవు" అన్నావు. అంతే. అక్కడున్న ఎనిమిదిమందిమీ కాఫీ కప్పులు కింద పెట్టాం. ముప్పై మైళ్ల లోపల ఇంకో దుకాణం లేదు. డొలోరెస్ పొద్దు వాలితే బండి తోలలేదు. నేనసలు తోలనే లేను, కళ్లలో శుక్లాలు. రొట్టె ఎక్కడ దొరుకుతుంది, పాలెక్కడ, మందులషాపువాళ్లు మా మాత్రలు ఎవరి దగ్గర దింపి వెళతారు?

జెరీ హైనెక్ టోపీ వెనక్కి తోసుకుని, "మూసెయ్యడం దేనికి? మనమే కొనేద్దాం. అందరం కలిసి కంపెనీ పెడదాం" అన్నాడు. వాడు ట్రాక్టరు కొన్నంత తేలిగ్గా అన్నాడు. వెంటనే అందరూ నా వైపు తిరిగారు. "ప్రొఫెసర్, నువ్వు లింకన్‌లో చదువుకున్నావు. కాగితాల పని నీది."

ప్రొఫెసర్! నేను హైస్కూల్లో పౌరశాస్త్రం చెప్పినవాణ్ణి. అదీ స్కూలు మూసి పిల్లల్ని పక్క కౌంటీకి తోలేదాకానే. ఇప్పుడా భవనంలో హైనెక్ అల్లుడు గడ్డిమోపులు దాస్తున్నాడు. పోయినేడొకసారి వెళ్లి చూశాను, నా గదిలో రాష్ట్రాల పటం ఇంకా గోడమీదే ఉంది, గడ్డి మధ్యలోంచి ఫ్లోరిడా ఒక్కటీ కనబడుతోంది. ఎవరికి చెబుతాం ఇలాంటివి? నీ చెల్లెలుంటే... అదే, మా బ్లాంకా ఉంటే చెప్పేవాణ్ణి. నీకు పెళ్లామైనా నాకు చెల్లెలే కదా, నాకన్నీ తప్పుగా వస్తున్నాయి ఇవాళ. అది పోయాక మనిద్దరం ఎంతసేపు కూర్చున్నా వాతావరణం గురించే మాట్లాడుకున్నాం. మగవాళ్లిద్దరు కూర్చుంటే ఇంకేం మాట్లాడతారు?

సరే, కంపెనీ. ప్రతి గురువారం మధ్యాహ్నం నీ దుకాణం వెనకగదిలో కూర్చుందాం అనుకున్నాం. కాఫీ నువ్వు కాచేవాడివి, కొలాచెలు, ఆ తీపి బన్నులు, డొలోరెస్ తెచ్చేది, గసగసాలవి ఒక వారం, ఎండు ఆల్‌బుకారావి ఒక వారం. కాగితాలు నేను.

ఇది ఎలాంటి కంపెనీ అంటే, బాధ్యతకి హద్దున్న కంపెనీ అని చెప్పాను. దుకాణం మునిగితే దుకాణం వరకే మునుగుతుంది, హైనెక్ ఆవుల్నీ డొలోరెస్ ఇంటినీ ఎవరూ తోలుకుపోలేరు, లాక్కుపోలేరు అన్నాను. డొలోరెస్ "అంటే ఏం వెధవపని చేసినా ఇంటిదాకా రాదన్నమాట. మా ఆయనకి ఈ సంగతి తెలిసుంటే రోజుకొకటి పెట్టేవాడు" అంది. నీకు పొలమారింది ఆవేళ. హైనెక్ నీ వీపు మీద చరిచాడు, గుర్తుందా?

గుర్తుంది. తల ఊపావు. చూశాను.

మొదటి మెట్టు పేరు. తొమ్మిది గురువారాలు పట్టింది! హైనెక్ "బ్రోడెక్ మర్కంటైల్" అన్నాడు.

"మర్కంటైలేమిటి, మీ తాత గడ్డంలాగా? ఆ పేరు చూసి రొట్టె కొనబుద్ధవుతుందా ఎవరికైనా?" అంది డొలోరెస్.

"పోనీ నువ్వు చెప్పు."

"వావ్రా, ఇరుగుపొరుగు."

"వావ్రా వెళ్లిపోతుంటే వావ్రా పేరెందుకు?"

"వెళ్లిపోయేవి మోకాళ్లు. నేనిక్కడే చస్తాను" అన్నావు నువ్వు కౌంటరు దగ్గర్నుంచి, త్రాసు తుడుస్తూనే. అందరం నవ్వాం. ఆ పేరే ఖాయం చేద్దామన్నారు. నేనే అడ్డం పడ్డాను. అలాంటి పేరు రాష్ట్రంలో ఇంకెవరికైనా ఉందేమో చూడాలి, ఉంటే తిప్పి కొడతారు అన్నాను. వచ్చే వారం చూసి చెబుతానన్నాను. వచ్చే వారం ఇంకా చూడలేదన్నాను.

రెండోది చిరునామా. కోళ్లగూడు.

మూడోది ఏజెంటు. కంపెనీ మీద కోర్టు కాగితం ఏదైనా వస్తే అందుకోవడానికి ఒక మనిషి ఉండాలి, పగటిపూట ఇంట్లో దొరికేవాడై ఉండాలి. మళ్లీ అందరూ నా వైపే చూశారు. పగలనేమిటి, ఎప్పుడొచ్చినా ఇంట్లో దొరికేవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే కదా. పెళ్లాం లేదు, పిల్లల్లేరు, ఆవుల్లేవు. నాలుగు గదుల ఇంట్లో గడియారం కూడా చప్పుడు చెయ్యని రకం. గొప్ప అర్హత! ఒప్పుకున్నాను.

ఆ తర్వాత సభ్యుల ఒప్పందం. అబ్బో, అదీ. ఎవరికి ఎంత వాటా, ఎవరి మాట చెల్లుతుంది, ఎవరైనా తప్పుకుంటే ఏం చెయ్యాలి. పద్నాలుగుసార్లు తిరగరాశాను. ఒకరు చనిపోతే వాళ్ల వాటా ఎవరికి అన్న చోట డొలోరెస్ చేతిసంచీ మూసేసి లేచింది. "ఇందులో ముందెవరు పోతారో కూడా రాసిపెట్టు ప్రొఫెసర్. చర్చిలో భోజనానికి ఎన్ని కొలాచెలు కావాలో నేనిప్పుడే చూసుకుంటాను" అంది. ఆవిడ తిరిగొచ్చి కూర్చోడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆవిణ్ణి బతిమాలడమే మా సమావేశం. నువ్వు బతిమాలడానికి బాతుకూర పట్టుకెళ్లావు. కొవ్వు తేలుతోందని తిప్పి పంపింది. మళ్లీ నవ్వుకున్నాం.

ఎలా ఉండేదో కదా బావా ఆ గది. పొయ్యి, తడి బూట్ల వాసన, గోడకి వేలాడే ఉల్లిపాయలు. కాగితాలు చదవడం అయ్యాక హైనెక్ పేకముక్కలు తీసేవాడు. నేను ఓడిపోతే ప్రొఫెసర్ ఓడిపోయాడని ఎంత సంతోషమో అందరికీ. నేనూ కావాలనే రెండుసార్లు ఓడిపోయాను.

తర్వాతది పత్రికలో నోటీసు. ఫలానా కంపెనీ పుట్టిందని మూడు వారాలు వరసగా వెయ్యాలి. మన కౌంటీ పత్రికేమో మూతబడింది, ఎడిటరు అరిజోనా వెళ్లి గోల్ఫు ఆడుకుంటున్నాడు. పక్క కౌంటీ పత్రికలో వెయ్యాలి, వాళ్లు జవాబివ్వరు, ఇచ్చినా ఒక వారం తప్పితే మళ్లీ మొదట్నుంచీ వెయ్యాలి. ముందు ఆ నోటీసులన్నీ పడాలి, ఆ తర్వాతే లింకన్‌లో, రాష్ట్ర ఆఫీసులో, ఫారం తీసుకుంటారు, పన్ను నంబరుకి మళ్లీ ఆరు వారాలు. అలా చెప్పాను మీకు.

ఆ, అలాగే చెప్పాను.

నీళ్లు తాగుతావా? చెంచాతో పట్టాలేమో. నర్సుని పిలవనా? వద్దా. నేను తాగుతాను కొంచెం.

పోయిన ఏప్రిల్ సంగతి చెప్పాలి ఇప్పుడు. నేను దాటేద్దామనుకున్నాను కానీ నువ్వు నన్నే చూస్తున్నావు.

రమీరో, ఆల్మా. మాంసం ఫ్యాక్టరీలో పదిహేనేళ్లు కత్తి పట్టినవాళ్లు, మొగుడూ పెళ్లాం. గురువారమే వచ్చారు, మేమంతా వెనకగదిలో ఉన్నాం. ఆవిడ నీ యిటర్నిట్సె సాసేజీ ఒక ముక్క తిని, కళ్లు మూసుకుని, "ఇందులో మార్జొరమ్ ఆకు ఉంది. ఇంకేదో ఉంది, అదేమిటో చెప్పరేమో" అంది.

"దుకాణం కొన్నవాళ్లకే చెబుతాను" అన్నావు నువ్వు.

"కొనడానికే వచ్చాం" అంది ఆవిడ.

అరలన్నీ తడిమి చూశారు. చలిపెట్టె వెనక్కి వెళ్లి మోటారు చప్పుడు విన్నాడు అతను, "దీనికింకో రెండేళ్ల ఆయుష్షుంది, నేను చూసుకుంటాను" అన్నాడు. పైన ఉన్న గదుల్లో కాపురం ఉంటామన్నారు. మీ పేరు తీసేయం, మీ సాసేజీ మానం, పక్కన మా రొట్టెలు కూడా పెట్టుకుంటాం అన్నారు. మంచి మనుషులు. సోమవారం తాళాలిస్తే సోమవారమే తెరుస్తామన్నారు.

నువ్వు వెనకగదిలోకి తొంగిచూశావు. "ఓట్టీ, మన కాగితాలకి ఇంకా ఎన్నాళ్లు?"

ఓట్టీ అని నన్ను పిలిచేది లోకంలో నువ్వొక్కడివే, మా చెల్లెలు పోయాక.

"ఒక్క నెల" అన్నాను నేను. తలెత్తకుండా అన్నాను, ఒప్పందంలో ఏదో దిద్దుతున్నట్టు.

నువ్వు వెనక్కి వెళ్లి వాళ్లతో చేతులు కలిపి, "ఊరివాళ్లకి మాటిచ్చాను, మన్నించండి" అన్నావు. ఆల్మా సాసేజీలు రెండు కొనుక్కుని వెళ్లింది. ఇప్పుడు వాళ్లు నలభై మైళ్ల అవతల ఒక దుకాణం నడుపుతున్నారు. బాగా నడుస్తోందట. హైనెక్ వెళ్లొచ్చాడు. మిరపకాయ వేసిన ఏదో రొట్టె తెచ్చి నా ముందు పెట్టాడు.

ఒక్క నెలన్నాను. మే అయింది, జులై అయింది. నువ్వు మోకాళ్లకి గుడ్డలు చుట్టుకుని నిలబడ్డావు. సరుకుల లారీవాళ్లు అక్టోబరులో ఇంత తక్కువ సరుక్కి ఇంతదూరం రాలేమన్నారు. నువ్వే నీ పికప్‌లో వెళ్లి పాలు తెచ్చావు. డెబ్భైతొమ్మిదేళ్ల మనిషివి, మంచులో, పాలపెట్టెలు. దేనికి? ఓట్టీ కాగితాలు వచ్చేస్తాయని.

తర్వాత డిసెంబరు.

ఆగు బావా, చెబుతున్నాను. చెయ్యి అలా లాక్కోకు.

మంగళవారం నాడు, మొన్న మంగళవారమే, హైనెక్ నా గుమ్మం ముందు ట్రక్కు ఆపి హారన్ కొట్టాడు. "ప్రొఫెసర్, ఎక్కు. లింకన్ పోదాం. శనివారం వేలం లోపల కంపెనీ కాగితం చేతికొస్తే మనం కంపెనీ పేరు మీద పాడొచ్చు. కౌంటరూ చలిపెట్టెలూ మనమే దక్కించుకుందాం. వాళ్ల కాళ్లు పట్టుకునైనా ఇవాళ పని చేయించుకొద్దాం" అన్నాడు. ఎలా రాననను? నా కాగితాల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. డెబ్భై మైళ్లూ వాడు ఆ ఆఫీసువాళ్లని తిడుతూనే తోలాడు. నేను ఊ కొడుతూ కూర్చున్నాను.

ఆఫీసులో ఒకమ్మాయి. ముక్కుకి చిన్న రింగు, ముందు కాఫీ కప్పు. మా ముందు ఒక్కడంటే ఒక్కడు లేడు వరసలో. నేను ఫారం తీసిచ్చాను. చదివింది. టకటకా ఏదో కొట్టింది. పేరు ఎవరికీ లేదు, ఫరవాలేదంది. ఒక ముద్ర వేసింది. "అయిపోయిందండీ" అంది.

హైనెక్ టోపీ తీశాడు. "అయిపోవడమేమిటి? పత్రికలో నోటీసు వేశామని చూపించొద్దా?"

"ఆ నోటీసు ఇకనుంచి వేసుకోవాలండీ, నమోదయ్యాక. పుట్టకముందే పుట్టిందని ఎలా వేస్తారు?"

"సభ్యుల ఒప్పందమో?"

"అది మాకివ్వక్కర్లేదు. మీలో మీరు రాసుకునేది. తర్వాత రాసుకున్నా మాకేం అభ్యంతరం లేదు."

"పన్ను నంబరుకి ఆరు వారాలు ఆగాలట కదమ్మా?"

"కంప్యూటర్లో పది నిమిషాల్లో వచ్చేస్తుందండీ. ఇంటికెళ్లి చేసుకోండి" అని, నవ్వి, "చాలామంది దీనికి భయపడతారు, కానీ చాలా తేలికండీ" అంది. నన్ను చూసే అంది పాపం, ముసలాయన కంగారుపడుతున్నాడని.

హైనెక్ కౌంటరు మీదున్న ఫారం తనవైపు తిప్పుకుని, కింద నా సంతకం పక్కనున్న తేదీ చూశాడు. మొదటేడు అక్టోబరు తేదీ అది. మన మూడో గురువారం. నేను దాన్ని మార్చడం కూడా మరిచిపోయాను.

అవును బావా. ఆ ఫారం అప్పుడే నింపాను. ఇంటి నంబరూ అప్పుడే వేశాను. కౌంటీకి ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో చెప్పారు, కోళ్లగూడు దాకా పోనక్కర్లేకపోయింది. ఆ పేరు ఇంకెవరికీ లేదని కూడా అప్పుడే కనుక్కున్నాను. పత్రిక సంగతి చట్టంలో చదివాను, బాగానే అర్థమైంది, నేను పౌరశాస్త్రం చెప్పినవాణ్ణి, అర్థం కాకపోవడమేమిటి? మీకు తిరగేసి చెప్పాను. పద్నాలుగు ఒప్పందాల్లో మొదటిదే బాగుంది. మిగతా పదమూడూ నేను దాన్ని పాడుచేసినవి.

ఎందుకని అడగవేం? అడగలేవు. నేనే చెబుతాను, ఎవరో ఒకరు అడిగినట్టు.

రెండో గురువారం సాయంత్రం ఇంటికెళ్లి చూసుకుంటే నా కోటుకి మీ పొయ్యి పొగ వాసన. దాన్ని దులపలేదు నేను. ఆదివారం వరకూ ఉంది. ఆ తర్వాత గురువారం కోసం చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. స్కూలు మూశాక ఎవరూ నా కోసం ఎదురుచూసింది లేదు బావా. నేను తలుపు తీసి లోపలికొస్తే ఎనిమిదిమంది తలెత్తి "ప్రొఫెసర్, ఏమైంది? ఎందాకా వచ్చింది?" అన్నారు. ఫారం లింకన్‌లో పడేస్తే ఆ మాట ఇంకెవరంటారు? కంపెనీ అయిపోయాక అందరూ వాళ్ల వాళ్ల పొలాలకి పోతారు, ఏడాదికొక సమావేశం పెట్టుకుంటారు. అందుకని ఒక్క వారం ఆపుదామనుకున్నాను. నిజంగా ఒక్క వారమే అనుకున్నాను. ప్రతిసారీ ఒక్క వారమే అనుకున్నాను.

దుకాణం ఉన్నచోటే ఉంటుందని నా ధైర్యం. డెబ్భై ఏళ్లుగా ఉంది. నువ్వూ అంతే, ఉన్నచోటే ఉంటావనుకున్నాను. రమీరో వాళ్లొచ్చినరోజు నాకు భయమేసింది. దుకాణం నిలబడుతుందని సంతోషించాల్సింది పోయి, వెనకగదిలో వాళ్లు ఏం పెట్టుకుంటారో అని భయమేసింది.

తిరిగొచ్చేటప్పుడు రేడియోలో సోయా ధర చెబుతున్నాడు ఎవడో. హైనెక్ దాని చప్పుడు పెంచాడు. నా గేటు దగ్గర ఆపాడు, ఇంజను ఆపలేదు. నేను దిగి తలుపు వేస్తుంటే, "ఓటకర్" అన్నాడు. యాభై ఏళ్లలో వాడు నన్ను పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారి. "మొత్తం ఎన్ని గురువారాలు?"

"అరవై ఒకటి" అన్నాను.

తడుముకోకుండా చెప్పాను. తడుముకునుంటే బాగుండేది. వాడు తల ఊపి వెళ్లిపోయాడు. బుధవారం పొద్దున్నకల్లా తన వాటా వెనక్కి తీసుకుంటున్నానని అందరికీ ఫోన్ చేశాడు. డొలోరెస్ కూడా తీసేసుకుంది. మధ్యాహ్నానికి ఎవరూ మిగల్లేదు.

కంపెనీ మాత్రం ఉంది. ఇదిగో, ఇక్కడ, జేబులో. ముద్రతో సహా. పేరుంది, చిరునామా ఉంది, ఏజెంటున్నాడు. వావ్రా, ఇరుగుపొరుగు. నువ్వు చూస్తావా? వద్దులే. వేలంలో పాడటానికి దానికి చెయ్యెత్తే మనిషి లేడు. ఇంకో రెండేళ్లకి రాష్ట్రానికి ఏదో రిపోర్టు పంపాలట. పంపకపోతే వాళ్లే చంపేస్తారట దాన్ని, ఏజెంటుకి ఒక ఉత్తరం రాసి. ఆ ఉత్తరం అందుకునేవాణ్ణి కూడా నేనే.

అమ్మో, ఎంతసేపైంది? నాలుగవుతోంది. వ్యాను వచ్చే ఉంటుంది.

బావా, నేనేమీ క్షమించమని అడగడం లేదు. అలాంటి మాటలు మనిద్దరి మధ్య ఎప్పుడూ లేవు. ఒక్కటి అడుగుతాను. వారానికొకసారి ఆ వ్యాను ఇటొస్తుంది. నేను వచ్చి కూర్చుంటాను. మాట్లాడను కూడా, నీకిష్టం లేకపోతే. ఊరికే కూర్చుంటాను. రానా?

కాదు, ఇలా చూడు. నాకేసి చూసి చెప్పు.

మళ్లీ ఊపు. శుక్లాలు కదా, నాకు సరిగ్గా కనబడలేదు.

కనబడింది. అడ్డంగానే ఊపావు. చాలు, చాలు, ఇంకోసారి ఊపక్కర్లేదు.

సరే.

హైనెక్ ఆదివారం వస్తాడు. నీకేమీ తెలియదనుకుని మొదట్నుంచీ చెప్పుకొస్తాడు, వాడి ధోరణిలో వాడు. "ఓట్టీ ముందే వచ్చి తన నోటితో చెప్పాడు" అని వాడికి చెప్పడానికి నీకు నోరు లేదు. నేను చెబితే ఎవరూ నమ్మరు. ఆ ఒక్క మాట దక్కించుకోవడానికే వచ్చానేమో ఇంతదూరం, ఏమో, నాకే తెలియదు.

తలుపు వేసి వెళ్లమంటావా? ఆ. ఆ, సరే.